రోహిణి పక్కన పుడుతున్న నక్షత్రం

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని బాపట్ల, రేపల్లె పల్లెల్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ రోహిణిని ఆకాశంలో చూపించమంటే మాత్రం పెద్దవాళ్లే తడుముకుంటారు. ఆ కార్తెలో సూర్యుడు రోహిణి దిక్కునే ఉంటాడు కాబట్టి రాత్రిపూట అది కనబడదు. జనవరి మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో రామాపురం తీరాన నిలబడి తలెత్తితే, దాదాపు నడినెత్తిన నారింజ రంగులో మెరుస్తుంటుంది.

చేయి చాచి బొటనవేలు అడ్డుపెడితే ఆకాశం ఎంత మరుగవుతుందో, రోహిణి నుంచి ఇంచుమించు అంతే ఎడంగా ఎల్1551 అనే నల్లటి ధూళిమేఘం ఉంది. కంటికి కనబడదు. రోహిణి మనకు 65 కాంతి సంవత్సరాల దూరమైతే, ఈ మేఘం సుమారు 450 కాంతి సంవత్సరాల అవతల ఉంది. అందులో ఒక నక్షత్రం ఇప్పుడిప్పుడే రూపు దిద్దుకుంటోంది.

వాయువు కుంచించుకుని నక్షత్రం అవుతుందనే మనలో చాలామంది చదువుకున్నాం. అది సగం కథే. 1980లో రోనాల్డ్ స్నెల్ బృందం ఈ మేఘంలోని కార్బన్ మోనాక్సైడు వెలువరించే రేడియో తరంగాలను పరిశీలించింది. లోపలికి పడాల్సిన చోటు నుంచి వాయువు రెండు వైపులా బయటికి దూసుకుపోతోంది!

కారణం భ్రమణం. వాయువు లోపలికి వచ్చేకొద్దీ దాని తిరుగుడు వేగం పెరుగుతుంది. ఆ జోరు తగ్గితే తప్ప అది నక్షత్రంలో కలవలేదు. అందుకే చుట్టూ తిరిగే పళ్లెంలాంటి వాయురాశిలో కొంత భాగాన్ని అయస్కాంత క్షేత్రాలు పైకీ కిందికీ విసిరేస్తాయి. ఇలా దూసుకుపోయే ధారలనే జెట్లు అంటారు; వాటి వేగం సెకనుకు వంద కిలోమీటర్లు దాటుతుంది. మృగశిర, ఆరుద్ర ఉన్న ఓరియన్ తారామండలంలోని హెచ్‌హెచ్ 212 జెట్ తాను కూడా తిరుగుతోందని 2017లో చిలీలోని ఆల్మా టెలిస్కోపులు చూపించాయి. తిరుగుడును మోసుకుపోతున్నది జెట్టేననడానికి ఇది బలమైన సాక్ష్యం.

రోహిణికి ఇంకాస్త ఉత్తరాన ఉన్న ఎల్1527 అనే మరో మేఘాన్ని జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2022లో ఫొటో తీసింది. నారింజ, నీలం రంగుల్లో ఇసుక గడియారం ఆకారం. నడుం దగ్గర సన్నటి నల్లగీత. ఆ గీతే పళ్లెం. లోపలున్న నక్షత్రం వయసు లక్షేళ్లు మాత్రమే.

ఇది మనకు అందని విద్యేమీ కాదు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు 1949లో హార్వర్డ్‌లో ఒక తోకచుక్కను కనిపెట్టారు. ఆ తోకచుక్క పేరులో ఆయనతో పాటు ఉన్న బార్ట్ బోక్, చిన్న నల్లమేఘాల్లో నక్షత్రాలు పుడుతున్నాయని 1947లోనే ప్రతిపాదించిన శాస్త్రవేత్త.

బాపట్ల, తెనాలి ప్రాంతపు సైన్సు మాస్టార్లు ఈ జనవరిలో ఒక్క రాత్రయినా పిల్లలను తీరానికి తీసుకురావాలి. ఆ రాత్రి ఒడ్డున ఫ్లడ్‌లైట్లు ఆర్పించే బాధ్యత జిల్లా అధికారులు తీసుకోవాలి. సూర్యలంక ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లకూ ఆ చీకటి అవసరమే.