టైగరు వేషంలో టీ-34

"ఇది టైగరు కాదండీ. టీ-34కి రేకులు తొడిగారంతే!"

మా ఇంట్లో 'సేవింగ్ ప్రైవేట్ రయాన్' (1998) చివరి ఘట్టం చూస్తుండగా ఒక మిత్రులన్న మాట ఇది. రామెల్ అనే కల్పిత గ్రామంలో, కూలిన గోడల చాటున, అమెరికను సైనికులు చెవులు రిక్కించుకొని ఉన్నారు. ట్యాంకు ఇంకా కనబడలేదు. ముందుగా నేల అదిరింది. ఆ తరువాత ఇనుముతో ఇనుము ఒరుసుకునే కీచుధ్వని వీధుల్లో మారుమోగింది. తీరా అది మలుపు తిరిగి ఎదుటికి వచ్చేసరికి, ఆ చిత్రాన్ని అంతకుముందు మూడుసార్లు చూసిన నాకు సైతం గుండె జారింది. సరిగ్గా అప్పుడే సదరు మిత్రులు బొమ్మను ఆపించి, తెర దగ్గరకు పోయి, వేలితో చక్రాలు లెక్కపెట్టి చూపించారు.

వారు చెప్పినది అక్షరాలా నిజం. టైగరు చక్రాలు చాప అల్లికలాగా ఒకదానిపైకొకటి వచ్చి వరుసలు వరుసలుగా ఉంటాయి. టీ-34కు ఒక్కో పక్క ఐదేసి పెద్ద చక్రాలు, విడివిడిగా. గొలుసుపట్టాను లాగే పళ్ళచక్రం టైగరుకు ముందుంటుంది, టీ-34కు వెనుక ఉంటుంది. టైగరు వెడల్పు సుమారు 3.7 మీటర్లు, బరువు 57 టన్నులు. టీ-34 ఆఖరి రకాలు సైతం 3 మీటర్ల వెడల్పు, 32 టన్నుల బరువు దాటలేదు. కాబట్టి దానికెంత రేకు అతికినా కనబడేది బక్కచిక్కిన పులే. ఈ లెక్కలన్నీ నాకెలా తెలుసంటారా? ఒకానొక కాలంలో నేనూ వేలితో చక్రాలు లెక్కపెట్టినవాడినే గనుక.

కావున నా పేచీ వారి పరిజ్ఞానంతో కాదు. ఆ పరిజ్ఞానం నుండి వారు తీసిన తీర్పుతో. "నకిలీ ట్యాంకుతో తీసినది నకిలీ యుద్ధం" అన్నారు వారు. ఈ తీర్పు ఆయన ఒక్కరిదే అయితే ఇంత రాయనక్కరలేదు. యుద్ధచిత్రం ఏది వచ్చినా ముందుగా వినబడే ప్రశ్న ఇదే: ట్యాంకు అసలుదా, నకలా? 'కంచె' (2015) వచ్చినప్పుడూ అంతే. రెండవ ప్రపంచయుద్ధాన్ని నేపథ్యంగా తీసుకున్న అరుదైన తెలుగు చిత్రం అది. బ్రిటిషు వారి భారత సైన్యంలో చేరిన తెలుగు యువకుడు కథానాయకుడు. యుద్ధ సన్నివేశాలను జార్జియాలో తీశారు. ఊళ్ళో కులాల నడుమ కంచెకూ, దేశాల నడుమ కంచెకూ దర్శకుడు క్రిష్ వేసిన ముడి బిగిసిందా లేదా అన్నది మాట్లాడుకోవలసిన సంగతి. మా గోష్ఠిలో మాత్రం గంటసేపు నడిచినది ట్యాంకుల వంశవృక్షం!

ఇంతకీ ఈ నకళ్ళు ఎందుకు పుట్టాయో చూద్దాం. జర్మనులు తయారుచేసిన మొదటి రకం టైగర్లు మొత్తం 1,350 లోపే. యుద్ధం ముగిశాక మిగిలినవాటిలో అధికభాగం తుక్కు కింద కరిగిపోయింది. నేడు ప్రపంచం మొత్తం మీద పట్టుమని పది లేవు. తన ఇంజనుతో తాను కదిలేది ఒక్కటే. ఇంగ్లండులోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియంలో ఉన్న ఆ ఒక్కదాని సంఖ్య 131. అటువంటప్పుడు నిర్మాతలు ఏం చేస్తారు? ట్యాంకులు అద్దెకిచ్చే సైన్యం ఎక్కడుంటే అక్కడికి పోతారు. 'కెల్లీస్ హీరోస్' (1970) వారు యుగోస్లావియాకు పోయారు. అక్కడి సైన్యం దగ్గర టీ-34లు ఉన్నాయి, కాబట్టి అవే టైగర్లయ్యాయి. సోవియట్ దర్శకుడు యూరీ ఓజెరొవ్ 'విముక్తి' చిత్రమాలిక కోసం టీ-44లను టైగర్లుగా మార్పించాడు. స్పెయినుకు పోయినవారికి దొరికినవి అమెరికా ఇచ్చిన ప్యాటన్లు. ఏ చిత్రంలో ఏ ట్యాంకు ఏ వేషం కట్టిందో చూస్తే ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో ఎవరు ఎవరికి ఆయుధాలిచ్చారో తెలిసిపోతుంది. నకలుకు కూడా తనదైన చరిత్ర ఉంది మరి.

ఆ స్పెయిను ప్యాటన్ల సంగతి మనవాళ్ళు తప్పక తెలుసుకోదగినది. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ చెరకుతోటల్లో, నీళ్ళు వదిలి బురద చేసిన పొలాల్లో దిగబడి పాకిస్తాను ప్యాటన్లు పదుల కొద్దీ ధ్వంసమయ్యాయి. అబ్దుల్ హమీద్ పేరు మనకు పాఠ్యపుస్తకాల్లోకి వచ్చినది ఆ యుద్ధం నుండే. పట్టుబడిన ప్యాటన్లను ఊరూరా దిమ్మెల మీద నిలబెట్టారు. అదే ఏడాది డిసెంబరులో 'బ్యాటిల్ ఆఫ్ ది బల్జ్' విడుదలైంది. అందులో జర్మనుల కింగ్ టైగర్లుగా నటించినవి ప్యాటన్లలోనే ఒక రకమైన ఎం-47లు! వాటికెదురుగా షెర్మన్లుగా నిలిచినవి చిన్నవైన ఎం-24 చాఫీలు. ఒక్క సంవత్సరంలో ఒకే జాతి ట్యాంకు పంజాబులో నిజంగా చచ్చింది, స్పెయినులో తెర మీద చచ్చింది.

ఆ చిత్రాన్ని నిందించేవారంతా మొట్టమొదట ఈ ప్యాటన్లనే ఎత్తి చూపుతారు. నాకవి అసలు కంటికి ఆనవు. నేను క్షమించలేనిది మంచు లేకపోవడాన్ని. 1944 డిసెంబరు 16న ఆర్డెన్ అడవుల్లో జర్మనులు దాడికి దిగగలిగారంటే, ఆ మొదటి రోజులలో మిత్రపక్షాల విమానాలు సరిగా లేవలేకపోయాయంటే, కారణం పొగమంచు, మబ్బు, చలి. ఇరుకు దారుల్లో ట్రాఫిక్కు చిక్కుకొని, పెట్రోలు అయిపోయి జర్మను ట్యాంకులు ఆగిపోయాయి. అంత యుద్ధాన్ని తెచ్చి, ఎర్రటి ఎండలో, చెట్టన్నది లేని ఎండుబయలులో, రెండు పక్కలా ట్యాంకులను పందెపు ఎడ్లలాగా పరిగెత్తించి ముగించారు. అసలు కింగ్ టైగర్లు యాభై తెచ్చి ఆ బయలులో వదిలినా ఆ దృశ్యం అబద్ధంగానే ఉంటుంది.

దీనికి ఎదురు ఉదాహరణ 'ఫ్యూరీ' (2014). బోవింగ్టన్ వారు తమ టైగరు 131ను ఈ చిత్రానికిచ్చారు. 1950లో వచ్చిన ఒక బ్రిటిషు చిత్రం తరువాత అసలు టైగరు కథాచిత్రంలో కదలడం మళ్ళీ అప్పుడే. ప్రచారమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. నేనూ ఆ మాట విని పరుగెత్తినవాడినే. టైగరు కనబడగానే చేతులు చరిచాను కూడా. ఆ తరువాత జరిగినదేమిటి? పొంచి ఉన్నచోటు నుండి ఒక షెర్మన్‌ను పేల్చిన టైగరు, తన చాటును తానే వదిలి, బయలులోకి వచ్చి, తక్కిన షెర్మన్ల మధ్యకు నడిచింది. దూరం నుండి ఛేదించగల 88 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్నవాడు, చాటు దొరికినవాడు, శత్రువు ముంగిటికి ఎందుకొస్తాడు? కథానాయకుడు దాని వెనుకకు తిరిగి కొట్టాలి గనుక వస్తాడు. ప్రపంచంలో కదిలే ఏకైక టైగరును తెచ్చి, ఏ టైగరు సారథీ చేయకూడని పని చేయించారు. అయినా మా మిత్రులకు ఆ దృశ్యం 'అథెంటిక్'. ఎందుకంటే చక్రాల లెక్క సరిపోయింది!

నా అభ్యంతరం ఇక్కడే ఉంది. అసలు వస్తువును చూపించి అసత్యాన్ని అంటగట్టడం సులభం. వస్తువును పరీక్షించి తృప్తిపడ్డ ప్రేక్షకుడు కథను పరీక్షించడు. 2019 జనవరిలో లావోస్ దేశం 30 టీ-34 ట్యాంకులను రష్యాకు తిరిగి ఇచ్చింది. వాటిని విజయదినపు కవాతుల్లో, మ్యూజియాల్లో, చరిత్రాత్మక చిత్రాల్లో వాడుతామని అక్కడివారు ప్రకటించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే రష్యాలో 'టీ-34' అనే చిత్రం ఆడుతోంది. జర్మనుల చెరలో ఉన్న నలుగురు సోవియట్ సైనికులు ఒక టీ-34తో పారిపోయే కథ అది. ట్యాంకు అసలుది. కథ మాత్రం వీడియో గేములాగా సాగుతుంది, వీరులకు గాయమైనా నొప్పి ఉండదు. ఒక ప్రభుత్వం తన యుద్ధకథను తనకు నచ్చినట్లు చెప్పుకోదలచినప్పుడు అసలు ట్యాంకును మించిన సాక్షిసంతకం ఏముంటుంది?

ఇక రెండవ అభ్యంతరం. టైగరు 131 కేవలం యంత్రం కాదు, అదొక పత్రం. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిషు చర్చిల్ ట్యాంకుల గుళ్ళు తగిలి దాని టరెట్టు ఇరుక్కుపోయింది. లోపలివారు దానిని వదిలి పారిపోయారు. ఆ దెబ్బల మచ్చలు నేటికీ దాని మీద చదువుకోవచ్చు. అటువంటిదానిని నటనకు తోలడమంటే, నాటకంలో రాజుగారు చదివే శాసనం కోసం నిజమైన రాగిరేకును మ్యూజియం నుండి తెప్పించడం వంటిది. బోవింగ్టన్ వారు ఎంతో జాగ్రత్తగా నడిపారు, వారికి దానివల్ల పేరూ సందర్శకులూ వచ్చారు, కాదనను. అయినా అరిగిన పళ్ళచక్రం మళ్ళీ పుట్టదు. ఒక్కటే మిగిలినదాన్ని ఒక్కసారి నడిపినా అది ఖర్చే. అసలుదే కావాలని మొండికేసే ప్రేక్షకులే ఆ ఖర్చు పెట్టిస్తున్నారు.

అలాగని ఏ డబ్బాకు రంగు పూసి తోలినా చాలుననడం లేదు. నకలు చేసేవాడికి చూపు ఉండాలి. టీ-34 ఎముకల మీద కట్టినా ఆ రామెల్ టైగరుకు ముప్పై టన్నుల బరువుంది. అది నడిస్తే రాళ్ళు నలుగుతాయి, నేల కుంగుతుంది, పక్కనున్న నటుడికి నిజంగానే చెమట పడుతుంది. కంప్యూటరులో గీసిన ట్యాంకుకు చక్రాల లెక్క చక్కగా కుదురుతుంది గానీ దాని కింద గడ్డి కూడా నలగదు. నకలులో నేను వెదికేది ఆ బరువునే. సురభి వారి నాటకంలో ఘటోత్కచుని గద అట్టదని చూసేవాడికి తెలియక కాదు. దానిని మోసేవాడి భుజం వంగిందా లేదా అన్నదే వాడు చూస్తాడు.

మరొక్క మాట, కాస్త కటువుగానే చెబుతాను. టైగరు 131 పట్టుబడిన ఆ ట్యునీషియాలోనే అప్పుడు నాల్గవ భారతీయ డివిజను పోరాడుతున్నది. మే నెలలో జర్మను సేనాని ఫాన్ ఆర్నిమ్ లొంగిపోయినది ఆ డివిజనుకే. ట్యాంకులకు దారి చేయడం, మందుపాతరలు ఏరడం వంటి పనులు చేసే మద్రాసు శాపర్లు ఆ డివిజనులో ఉండేవారు. మద్రాసు శాపర్లంటే వారిలో తెలుగువారూ ఉన్నారు. టైగరు 131 మీద బోల్టు బోల్టుకూ వ్యాసాలు చదివిన మా మిత్రులకు ఈ సంగతి తెలియదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, నిన్నమొన్నటిదాకా నాకూ తెలియదు. మందుపాతర కోసం ఇసుకలో చేతులతో తడుముతూ పాకినవాడి కథను తీయడానికి ఏ నిర్మాతా ఏ మ్యూజియం తలుపూ తట్టలేదు. వాడి కథకు టైగరు అక్కరలేదు కాబోలు.

ఆనాడు బొమ్మ ఆపించిన మిత్రులు, నా వాదన అంతా విని, "మరి ట్యాంకు గురించి సరిగా తీసిన సినిమా ఒకటి చెప్పండి చూద్దాం" అన్నారు. 'లెబనాన్' (2009) అన్నాను. దర్శకుడు శామ్యూల్ మావోజ్ 1982 యుద్ధంలో ఇజ్రాయెల్ ట్యాంకులో ఫిరంగి పేల్చినవాడు. చిత్రమంతా ట్యాంకు కడుపులోనే నడుస్తుంది. బయటి లోకం కనబడేదల్లా గురిచూసే అద్దంలోంచే. చమురు, మురికినీళ్ళు, చెమట, భయంతో వణికే వేలు. ఆ వేలు ఒకసారి ఆలస్యంగా కదిలి ఒకణ్ణి చంపుతుంది, మరొకసారి తొందరపడి మరొకణ్ణి చంపుతుంది. ట్యాంకు పైరూపం దాదాపుగా కనబడదు, చివరన పొద్దుతిరుగుడు తోటలో నిలిచి ఉన్నప్పుడు తప్ప.

వచ్చే ఆదివారం వస్తానన్నారు. చక్రాలు కనబడకపోతే ఎలాగని ఇప్పటినుండే గొణుగుతున్నారు.