కర్బన రసాయన గ్రంథములు: మనకు ఏది ఉపకరించును?

గ్రంథాలయములో పుస్తకము ఉండుట వేరు, అది విద్యార్థికి ఉపకరించుట వేరు. ఈ భేదమును గుర్తింపకపోవుట వలననే కర్బన రసాయన శాస్త్రపు పెద్ద గ్రంథములు అనేక కళాశాలలలో బీరువాలకు అలంకారముగా నిలిచిపోవుచున్నవి. విద్యార్థులు మాత్రము పరీక్షకు నెల ముందు ఒక గైడు కొని, అందలి చర్యలను వల్లించి, పరీక్ష ముగిసిన మరునాడే మరచిపోవుచున్నారు. గ్రంథాలయమునకై ఏటా వ్యయము చేయు సొమ్ము స్వల్పము. అందులో మగ్గముపై బ్రదుకు కుటుంబముల బిడ్డలు చెల్లించిన ఫీజు కూడ కలదు. కనుక ఏ గ్రంథము కొనదగినది, ఏది కాదు అను విషయమున మా అభిప్రాయమును విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును నివేదించుచున్నాము.

నగరిలో ఇది పుస్తకముల ప్రశ్న మాత్రమే కాదు. నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు ప్రాంతములు మరమగ్గములకు పేరు గన్నవి. మగ్గమున్నచోట అద్దకమున్నది. అద్దకపు తొట్టిలో ప్రతిదినము జరుగునది కర్బన రసాయన చర్యయే. ఆ తొట్టి నీరు కుశస్థలి ఏటిలో కలియుచున్నదను మొర కూడ ఈ ప్రాంతమున చాలకాలముగా వినవచ్చుచున్నది. రంగు ఎట్లు పుట్టునో, నూలును ఎట్లు పట్టుకొనునో, పట్టుకొననిది ఎచటికి పోవునో తెలియజెప్పగల పుస్తకము మనకు పరీక్షకే గాక ఊరికిని అవసరము.

ఒక చర్యల గ్రంథము ఉపయోగమును కొలుచుటకు మేము నాలుగు ప్రశ్నలు వేయుదుము. చర్య జరుగుటకు కావలసిన పరిస్థితులను చెప్పినదా? అది ఎందుకు జరుగునో చెప్పినదా? ఎచట జరుగదో చెప్పినదా? అందలి అపాయమును చెప్పినదా? గైడు పుస్తకములు సాధారణముగా మొదటి ప్రశ్నకు సగము సమాధానమిచ్చి ఊరకుండును.

ఉదాహరణకు, 1858లో పీటర్ గ్రీస్ కనుగొన్న డయజో చర్యను తీసికొందము. అనిలీనును హైడ్రోక్లోరికామ్లములో కరిగించి, 0–5 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సోడియం నైట్రైటు కలుపవలెనని ప్రతి గైడులోను ఉన్నది. ఆ చల్లదనము ఎందుకు? వేడి తగిలినచో డయజోనియం లవణము నత్రజనిని విడిచి ఫినాలుగా మారిపోవును గనుక. ఫినాలుతో సంధానము క్షారములో జరుపుట ఎందుకు? ఫినాలు కంటె ఫినాక్సైడు అయాను మిక్కిలి చురుకైనది గనుక. అట్లయిన క్షారమును ఇంకను పెంచినచో రంగు ఇంకను బాగుగ వచ్చునా? రాదు. అప్పుడు డయజోనియమే డయజొటేటుగా మారి సంధానమునకు పనికిరాక పోవును. ఈ మూడవ మాట చెప్పిన పుస్తకమే మంచి పుస్తకము. చర్య యొక్క హద్దు తెలిసినవానికి చర్య తెలిసినట్లు.

రెండవ ఉదాహరణ రియాక్టివ్ రంగులు. ఐ.సి.ఐ. సంస్థ 1956లో ప్రోసియాను పేరుతో వీనిని విపణిలోనికి తెచ్చినది. క్షారము సమక్షమున ఈ రంగు నూలులోని సెల్యులోజుతో సమయోజనీయ బంధమేర్పరచుకొనును. అందుచేతనే ఉతికినను సులభముగా పోదు. కాని అదే తొట్టిలో నీరు కూడ ఆ రంగుతో చర్య జరుపును. నీటితో కలిసిన రంగు ఇక నూలును పట్టుకొనజాలదు. కడుగునీటితో బయటికి పోవును. కాలువలో కనబడు ఎరుపు, నీలము వెనుక ఈ పోటీ చర్య కలదు. ప్రధాన చర్యను చూపి పోటీ చర్యను దాచు పుస్తకము అద్దకపు పనిలో చేరు విద్యార్థికి సగము సత్యమే చెప్పినదగును.

నాలుగవ ప్రశ్నయగు అపాయము మాట మరింత గంభీరమైనది. 1884లో వెలువడిన కాంగో రెడ్ అను రంగు పాఠ్యపుస్తకములలో అజో రంగులకు ఆదర్శముగా చూపబడుచున్నది. అది బెంజిడీను నుండి తయారగునది. బెంజిడీను మూత్రాశయ క్యాన్సరును కలిగించునని నిరూపితమైనది. అట్టి అమీనులను విడుదల చేయు అజో రంగులను వస్త్రములకు వాడరాదని జర్మనీ 1994లో శాసించినది. మన దేశము కూడ 1997లో అనేక అజో రంగులను నిషేధించినది. సమీకరణమును ఇచ్చి ఈ సంగతి ఒక్క వాక్యములోనైన చెప్పని పుస్తకమును అద్దకశాలలున్న ఊరి గ్రంథాలయమునకు ఏకైక ఆధారముగ ఉంచరాదు.

ఇక ప్రసిద్ధ గ్రంథములను ఈ గీటురాయిపై పరిశీలింతము. మారిసన్, బాయిడ్ల గ్రంథము 1959లో వెలువడినది. క్రొత్తగా ప్రవేశించు విద్యార్థికి ‘ఎందుకు’ అను ప్రశ్నను అలవాటు చేయుటలో దానికి సాటి వచ్చునవి తక్కువ. పీటర్ సైక్సు 1961లో ప్రకటించిన చిన్న పుస్తకము చర్యావిధానములకు చక్కని దారి చూపును. ధరలోను బరువులోను తేలికయైనది. ఫినార్ గ్రంథము విషయసమృద్ధి కలదే గాని పఠనము కష్టము. 1948 నాటి వోగెల్ ప్రయోగ గ్రంథము ప్రయోగశాల బల్లపై ఉండవలసినదే గాని బీరువాలో కాదు. జెర్రీ మార్చ్ 1968లో ప్రకటించిన గ్రంథము చర్యలను వాని తరగతులను బట్టి అమర్చి, ఒక్కొక్కదానికి మూలపత్రములను సూచించును. అధ్యాపకునికి, ఎం.ఎస్సీ. విద్యార్థికి అది పెన్నిధి, బి.ఎస్సీ. విద్యార్థికి మోయరాని మూట. క్లేడెన్ మొదలగువారు 2001లో వెలువరించిన గ్రంథము చర్యావిధానమును కథవలె నడపును. ధర మాత్రము అధికము.

పాత కూర్పుల విషయమున ఒక హెచ్చరిక. పాతదగుట వలన డయజో చర్య తప్పు కాదు. కాని 2010లో నోబెల్ బహుమానము పొందిన పల్లాడియం సంధాన చర్యలు అరువది, డెబ్బదుల నాటి కూర్పులలో దొరకవు. మూలసూత్రములకు పాత కూర్పు చాలును. నూతన చర్యలకు నూతన కూర్పు ఒక్కటైన ఉండవలెను.

పేరుగల చర్యల సంగ్రహములపై విద్యార్థులకు మక్కువ హెచ్చు. అవి నెమరువేయుటకు పనికివచ్చును గాని నేర్చుకొనుటకు కాదు. ఆ పేర్లలో మన దేశపు పేరు కూడ కలదని ఎందరికి తెలియును? మద్రాసులో 1901లో జన్మించిన కె. వెంకటరామన్ 1930లలో ప్రకటించిన ఫ్లేవోన్ సంశ్లేషణ నేడు బేకర్–వెంకటరామన్ పునర్విన్యాసముగా ప్రపంచమంతట చదువబడుచున్నది. కృత్రిమ రంగుల రసాయనముపై 1952లో రెండు సంపుటములను ప్రకటించినవారును ఆయనయే. వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో టి. ఆర్. శేషాద్రి ప్రత్తిపూల వర్ణద్రవ్యములనే పరిశోధించిరి. ప్రత్తి నూలుతో బ్రదుకు మన ప్రాంతపు విద్యార్థికి ఇంతకంటె దగ్గరి పాఠమేమున్నది?

“ఇప్పుడు అన్నియు చేతిలోని ఫోనులో దొరకుచుండగా గ్రంథమేల?” అని కొందరు మిత్రులనుచున్నారు. దొరకునది ఏదో, నమ్మదగినది ఏదో వేరుపరచుటకే శిక్షణ కావలెను. 1921 నుండి వెలువడుచున్న ఆర్గానిక్ సింథసిస్ అను సంకలనము ఒక ప్రయోగమును మరియొక ప్రయోగశాలలో చేసి సరిచూచిన పిమ్మటనే ప్రకటించును. అది నేడు అంతర్జాలమున ఉచితముగ లభించుచున్నది. అట్టిదానిని ఫోనులో చదువుడని మేమే చెప్పుదుము. సరిచూచినదానికి, సరిచూడనిదానికి భేదమెరుగుటయే ముఖ్యము.

భాష మాట విస్మరింపరాదు. 1917లో హైదరాబాదున ఏర్పడిన దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ మన భాషలో డిగ్రీ పుస్తకములను సమకూర్చినది. 2021–22 నుండి రాష్ట్రమున డిగ్రీ తరగతులను ఆంగ్లమాధ్యమమున నడుపవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. ఉర్దూ, తెలుగు బడుల నుండి వచ్చిన విద్యార్థి మారిసన్ గ్రంథమును తెరచి మొదటి పుటలోనే ఆగిపోయినచో అది అతని మందబుద్ధి కాదు; నడుమ వంతెన లేకపోవుట. అకాడమీ పుస్తకములను పాతవని పారవేయక, పెద్ద గ్రంథము ప్రక్కనే ఉంచవలెను.

కావున కమిటీ పెద్దలకు మా మనవులు ఇవి. ఒకే బృహద్గ్రంథమును కొనుటకు బదులు మారిసన్, సైక్సు పుస్తకములను పలు ప్రతులుగా తెప్పింపుడు. మార్చ్ గ్రంథము ఒక ప్రతి చాలును. అది తాళములో గాక బల్లపై ఉండవలెను. వోగెల్ ప్రయోగశాలకు పంపుడు. ఆంగ్లము, తెలుగు, ఉర్దూ మూడు భాషలలో రెండువందల రసాయన పదముల పట్టికను అధ్యాపకులు, విద్యార్థులు కలిసి తయారుచేయునట్లు ప్రోత్సహింపుడు. దానికి కాగితపు ఖర్చు తప్ప వేరు ఖర్చు లేదు.

విద్యార్థి సోదర సోదరీమణులకు ఒక్క మాట. గైడు చదువవద్దని మేము అనుట లేదు. పరీక్ష అందరికిని ఉన్నదే. కాని గైడులో చదివిన ప్రతి చర్యకు పెద్ద గ్రంథములో ఒక ‘ఎందుకు’ను, ఒక ‘ఎచట కాదు’ను వెదకి నోటుబుక్కులో వ్రాసికొనుడు. వారమునకు రెండు చర్యలు చాలును. మూడు సంవత్సరములలో ఆ నోటుబుక్కే మీకు అన్నిటికంటె ఉపయోగకరమగు ఆధారగ్రంథమగును. అద్దకశాలలో నిలిచి ఈ రంగు ఏది, ఈ నీరు ఎచటికి పోవుచున్నది అని అడుగగల ధైర్యము కూడ అందుండియే కలుగును.