లెక్క రాదా, లెక్క భాష రాదా?

జూన్ వచ్చిందంటే జూనియర్ కళాశాలల ప్రవేశాల గదుల్లో ఒకే దృశ్యం మాకు ఏటా ఎదురవుతోంది. ఉర్దూ మీడియంలో పదో తరగతి పూర్తిచేసిన అమ్మాయి తల్లిని వెంటబెట్టుకొని వచ్చి ఎం.పి.సి. కావాలని అడుగుతుంది. ఎదుట కూర్చున్న అధ్యాపకుడు గణితంలో వచ్చిన మార్కులకన్నా ముందు మీడియం గడి చూస్తాడు. "ఇంగ్లీషులో లెక్కలు తట్టుకోలేవమ్మా, సి.ఇ.సి.లో చేరు" అంటాడు. ఆ మాటలో దురుద్దేశం లేదు, దయే ఉంది. మా పేచీ ఆ దయతోనే.

ఆ ఒక్క నిమిషంలో ఏం తేలిపోయిందో ఆ తల్లికి తెలియదు. ఎప్‌సెట్ ఇంజినీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలుంటే 80 గణితానివే. సి.ఇ.సి.లో చేరిన పిల్లకు ఆ ద్వారం మూసుకుపోయినట్లే. గణితం, గణాంక శాస్త్రం ప్రధానాంశాలుగా ఉన్న డిగ్రీ కోర్సులూ చాలావరకు చేజారుతాయి. పదిహేనేళ్ల పిల్ల భవిష్యత్తును ఒక ఊహ ఆధారంగా నిర్ణయించే అధికారం ఎవరిచ్చారు?

ఆ అమ్మాయి ముసల్లస్ అంటే ఏమిటో ఎరుగును. జావియా కొలవగలదు, కస్ర్ విడగొట్టగలదు, ముసావాత్ సాధించగలదు. నల్లబల్లపై కనిపించేవి ట్రయాంగిల్, యాంగిల్, ఫ్రాక్షన్, ఈక్వేషన్. పక్కన కూర్చున్న తెలుగు మీడియం పిల్లకూ ఇదే ఇబ్బంది ఉంటుంది, కాదనం. అయితే పాఠం మధ్యలో అధ్యాపకుడు "త్రిభుజమమ్మా, త్రిభుజం" అని ఒక్క మాట అందిస్తాడు. ఆమె తేరుకుంటుంది. ఉర్దూ పిల్లకు ఆ ఒక్క మాట అందించేవారు లేరు. బల్లమీది ఇంగ్లీషు ఒక గోడ, నోటిమాటగా వచ్చే తెలుగు వివరణ రెండో గోడ. రెంటి మధ్య నిలబడి మౌనం వహించిన పిల్లను చూసి "లెక్కల్లో వెనుకబడింది" అని రాసుకుంటున్నాం.

ఉన్నత గణితానికి ఉర్దూ చాలదన్న వాదన ఈ గడ్డమీద చెల్లదు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే విజ్ఞాన శాస్త్రాలు బోధించింది. అందుకోసం నెలకొల్పిన అనువాద విభాగం పరిభాషను కల్పించింది, గ్రంథాలు సిద్ధం చేసింది. ఆల్జీబ్రా పేరే అరబ్బీ నుంచి వచ్చిందని వేదికలపై చెప్పుకొని మురిసిపోవడం మాకు ఇష్టంలేదు. ఆ మురిపెం ఏ పిల్లచేతా ఒక్క సమీకరణం సాధింపజేయలేదు.

ఈ విషయంలో అమెరికాలోని కాలిఫోర్నియా చేసిన పని గమనించదగింది. అక్కడి కమ్యూనిటీ కళాశాలల్లో కొత్తగా చేరేవారికి ఒక పరీక్ష పెట్టి, తక్కువ మార్కులు వచ్చినవారిని పునాది గణిత తరగతుల్లోకి నెట్టేవారు. ఆ తరగతులకు డిగ్రీలో లెక్కకొచ్చే క్రెడిట్ ఉండదు, ఖర్చు మాత్రం ఉంటుంది. వాటిలో చిక్కుకున్నవారిలో ఎందరో అసలు కోర్సు మొహం చూడకుండానే చదువు మానేశారు. నల్లజాతి, లాటినో విద్యార్థులు వాటిలో అధికంగా ఉండేవారు. 2017లో వచ్చిన ఏబీ 705 చట్టం ఈ పద్ధతిని తలకిందులు చేసింది. నేరుగా కళాశాల స్థాయి గణితంలో చేరితే నెగ్గే అవకాశం బొత్తిగా లేదని తేలితే తప్ప కింది తరగతిలో వేయరాదంది. హైస్కూలు చదువును ప్రమాణంగా తీసుకోమంది. బలహీనులైనవారిని అసలు తరగతిలోనే ఉంచి, పక్కనే సహాయక తరగతి నడిపే పద్ధతి ఊపందుకొంది. దీనివల్ల కొందరు మునిగిపోతున్నారని అక్కడి అధ్యాపకుల్లోనే విమర్శ ఉంది. అది కొట్టిపారేయదగింది కాదు. అయినా రుజువు భారం విద్యార్థి భుజంమీద నుంచి సంస్థ భుజంమీదికి మారింది. మాకు కావలసింది ఆ మార్పే.

మన దేశంలో బ్రిడ్జి కోర్సు అనే మాట కొత్తది కాదు. ఇంజినీరింగ్ ప్రవేశానికి ఇంటర్‌లో గణితం తప్పనిసరి అన్న నియమాన్ని ఏఐసీటీఈ 2021లో సడలించినప్పుడు, వెనుకబడినవారికి బ్రిడ్జి కోర్సులు విశ్వవిద్యాలయాలే నడపాలని చెప్పింది. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం మదరసా విద్యార్థులకోసం అలాంటి కోర్సులు నడిపింది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండో అధికార భాష. ఆ హోదా కార్యాలయాల బోర్డుల దగ్గర ఆగిపోకుండా కళాశాల తరగతి గదిదాకా రావద్దా?

మన సంస్థలూ తక్కువ తినలేదు. 30వ అధికరణం రక్షణలో నడిచే ఇంజినీరింగ్ కళాశాలలు కొన్ని సీట్లు నింపుకోవడంలో చూపే శ్రద్ధ మొదటి సంవత్సరం గణితం దాటించడంలో చూపవు. ఎం-1 బ్యాక్‌లాగ్‌తోనే నాలుగేళ్లు గడిపిన పిల్లలు ప్రతి మొహల్లాలో కనిపిస్తారు. ఆడపిల్లకు లెక్కలెందుకనే తండ్రులూ మనలోనే ఉన్నారు.

ప్రవేశాల రోజున చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. పది లెక్కలు మాటలు లేకుండా, అంకెలతో, గుర్తులతో ఇవ్వండి. అవే పది లెక్కలు ఇంగ్లీషు వాక్యాలతో మరోసారి ఇవ్వండి. మొదటిదాంట్లో ఎనిమిది, రెండోదాంట్లో మూడు వచ్చిన పిల్లకు లెక్క వచ్చు, మాట రాదు. ఆమెను ఎం.పి.సి.లోనే చేర్చుకొని, మొదటి ఆరు వారాలు రోజుకు ఒక గంట ఉర్దూ, ఇంగ్లీషు పదాలు పక్కపక్కన రాసి చెప్పే అధ్యాపకుణ్ణి ఇవ్వండి. రెండింటిలోనూ తక్కువ వచ్చిన పిల్లకు వేరే సాయం కావాలి, ఆ సంగతి ఆమెకు దాచకుండా చెప్పాలి. అడిగిన గ్రూపు ఇవ్వలేమని తేలిస్తే, కారణం ఆ తల్లి చదవగలిగే భాషలో కాగితంమీద రాసి, ప్రిన్సిపాల్ సంతకంతో ఆమె చేతికివ్వాలి.