అచ్చుపడినదెల్ల సత్యమా?

కథ కల్పితమని యెఱిగియే మనము దానిని చదువుదుము. యాత్రాచరిత్రము, స్వీయచరిత్రము, దేశచరిత్రము, సంపాదకీయము మున్నగువానిని మాత్రము అచ్చుపడినదెల్ల సత్యమని నమ్మి చదువుదుము. ఇది తగదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి 1831లో తిరిగివచ్చిరి. త్రోవలో వారు వ్రాసిన సంగతులు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా వెలువడెను. ఇట్టి గ్రంథములలో కన్నవి, విన్నవి, తలచినవి అని మూడు తెఱగుల మాటలుండును. తాను బసచేసిన యూరిని వర్ణించునపుడు యాత్రికుడు సాక్షి. ఆ యూరి పూర్వగాథను చెప్పునపుడు పరుల మాటను మోసికొని వచ్చినవాడు. అచటి జనుల గుణదోషముల నెంచునపుడు తీర్పరి. సాక్షి మాటకున్న బలము తక్కిన రెంటికి లేదు.

స్వీయచరిత్రమున రచయిత తన పక్షమునే వినిపించును. దేశచరిత్రమునకు శాసనాదుల యాధారము కావలెను. సంపాదకీయము అభిప్రాయము, అందలి హేతువును తూచవలెను.

కావున ప్రతి వాక్యముకడను "ఇది వీరికెట్లు తెలిసెను?" అని యడుగుడు. నేడు చేతిఫోనులో వచ్చు వార్తకును ఈ ప్రశ్నయే తగును. ప్రశ్నించుట పెద్దలను ధిక్కరించుట కాదు. వారి మాటను శ్రద్ధతో వినుటయే. అన్నిటిని నమ్మువాడును, అన్నిటిని త్రోసిపుచ్చువాడును చదువనివానితో సమానులే.