బదిలీ అయ్యాక దానికి అన్నం ఎవరు పెడతారు?

ఇది నాన్నగారికి మూడో బదిలీ. పోయిన ఊళ్లో మా క్వార్టర్స్ మెట్ల దగ్గరి కుక్కకు రెండేళ్లు నేనే అన్నం పెట్టాను. సామాన్లు లారీకి ఎక్కిస్తుంటే అది తోక ఊపుతూ కూర్చుంది. ఆ తర్వాత దానికి ఎవరు పెట్టారో నాకు తెలియదు.

మనలాంటి పిల్లలు ఒక కుక్కను మచ్చిక చేసుకుని వదిలి వెళ్లడం సాయం కాదని ఇప్పుడు నాకనిపిస్తోంది. మనం వెళ్లినా ఆగని పని కావాలి. 2023 నాటి నిబంధనల ప్రకారం వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. ఆపరేషన్ అయిన కుక్క చెవికి గాటు ఉంటుంది. అందుకే ఈ ఊళ్లో మేం నలుగురం మొదట చేసిన పని చెవులు చూడడం! (దూరం నుంచే. అమ్మ షరతు అది.) మా కాలనీలో తొమ్మిదింటిలో ఐదింటికి గాటు లేదు. ఆ లెక్కతో పెద్దవాళ్ల చేత మునిసిపాలిటీకి అర్జీ పెట్టించాం. బండి ఇంకా రాలేదు, మళ్లీ అడగాలి.

అన్నం పెట్టడం మానమని అనను. వంతులు వేసుకోండి, ఊరివాళ్లను ఒకరినైనా కలుపుకోండి. మా జట్టులో పాలు పోసే ఆయన కొడుకు ఉన్నాడు. వాళ్లది ఈ ఊరే. లెక్కల నోట్‌బుక్ అతని దగ్గరే ఉంచాం. నాన్నగారి ఆర్డర్లు మార్చిలో రావచ్చు.