ఆ జెండా మీద పక్షి కథ!

జింబాబ్వే అంటే నాకు క్రికెట్టే గుర్తొచ్చేది. పేరుకి అర్థం వెతికితే తెలిసింది... షోనా భాషలో 'రాతి ఇళ్లు' అట!

అక్కడ గ్రేట్ జింబాబ్వే అనే పాత నగరం ఉంది. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, 11 మీటర్ల ఎత్తు దాకా లేపిన గోడలు. కట్టింది షోనాల పూర్వీకులే. 'ఆఫ్రికా వాళ్లకి అంత సీన్ లేదు' అని తెల్లదొరలు కొట్టిపారేశారు. 1929లో గెర్ట్రూడ్ కాటన్-థాంప్సన్ తవ్వి చూసి, ఇది ఆఫ్రికన్ల పనేనని తేల్చినా అక్కడి పాలకులు ఒప్పుకోలేదు.

1980లో స్వాతంత్ర్యం వచ్చింది. సెసిల్ రోడ్స్ పేరు మీదున్న రొడీషియా పోయి, ఈ రాళ్ల పేరే దేశం పేరైంది. శిథిలాల్లో దొరికిన రాతిపక్షి జెండా ఎక్కింది.

ఈసారి మ్యాచ్‌లో ఆ జెండా కనిపిస్తే, పక్షిని ఓసారి చూడండి!