పొయ్యి పొగకు జవాబుదారి యెవరు?



మొన్న వేరుసెనగ పైరు చూచుటకై ఒక గ్రామమునకు పోయియుంటిని. వసారాలో కూర్చుండి మాటలాడుచుండగా లోపలినుండి పొగ క్రమ్ముకొని వచ్చెను. "మా ఆడవాళ్లకు పొయ్యి రాజెయ్యడం చేతగాదండీ" అని ఆ రైతు నవ్వుచు ననెను. ఆయన ఇల్లాలు కన్నులు తుడుచుకొనుచు, దగ్గుచు, గొట్టముతో నిప్పు నూదుచుండెను. నేను లేచి పెరటిలోనికి పోయి చూచితిని. తొడలావు తుమ్మమొద్దులు, ముందటి రాత్రి వానకు తడిసి, బురదలో పడియుండెను. "నాకు తెలియక కాదండీ, కట్టె చీల్చేవాళ్లు లేక" అని ఆమె మెల్లగా ననెను.

ఆ మాట న్యాయమైనది. పొయ్యి పొగయుటకు మొదటి జవాబుదారి ఇంటి యజమానియే గాని ఇల్లాలు కాదని నా నిశ్చితాభిప్రాయము. ఇట్లు వ్రాయుచున్న నేనును కొన్నియేండ్లు నా యింట ఈ తప్పే చేసినవాడను.

పొగ యన నేమి? కట్టె వేడెక్కగానే దానినుండి మండెడి ఆవిరులు వెలువడును. వానికి చాలినంత వేడియు గాలియు దొరికినచో మంటయగును. దొరకనిచో పొగయై పోవును. పొగ యనగా మండక వృథాయైన వంటచెఱకే. అప్పుడే నఱికిన పచ్చికట్టెలో తూకమున ఇంచుమించు సగము నీరుండును. ఒక లీటరు నీటిని మరగించుటకు పట్టు వేడికంటె, మరగిన ఆ నీటిని పూర్తిగా ఆవిరి చేయుటకు ఏడు రెట్లకు పైగా వేడి పట్టును. అన్నపుగిన్నెకు పోవలసిన వేడి ఇట్లు కట్టెలోని నీటి పాలగుచున్నది.

కావున మంచి మంటకు పని వానలకు ముందే, చైత్ర వైశాఖములలో, జరుగవలెను. మణికట్టుకు మించిన లావుగల కట్టెను చీల్చి, క్రింద రాళ్లు పఱచి, గాలియాడునట్లు పేర్చి, పైన మాత్రము కప్పవలెను, ప్రక్కలు మూయరాదు. ఎండిన కట్టెకు చివరల నెఱ్ఱెలు విచ్చును. రెండు కట్టెలు తాకించినచో ఎండినవి గణగణ మ్రోగును. పచ్చివి మొద్దుచప్పుడు చేయును. కందికంపను చేలో తగులబెట్టక మోపులుగా కట్టి దాచికొనుడు. పత్తికట్టెలో గులాబిరంగు పురుగు దాగియుండును గనుక దానిని మాత్రము నిలువ చేయరాదు.

రాజవేయుటకు ముందు హెచ్చు బూడిదను తీసివేయవలెను. ఎండుకట్టెలు రెండింటిని ఎడముగా నుంచి, వానిపై కందిపుల్లలు, కొబ్బరిపీచు పేర్చి అంటింపవలెను. అవి మండిన పిదప వ్రేలిలావువి, ఆ తరువాత లావైనవి పెట్టవలెను. ఒంటికట్టె మండదు; మూడు దగ్గఱగా నుండిన ఒకదాని వేడి మఱియొకదానిని మండించును. అట్లని పొయ్యినోరు నింపరాదు. గాలికి త్రోవ విడువవలెను. చివరలు కాలినకొలది లోనికి త్రోయవలెను. పొగ హెచ్చినచో ఊదుటకు ముందు ఒక కట్టెను వెనుకకు లాగి చూడుడు. గిన్నెపై మూత ఉంచుడు. కిరసనాయిలు పోయుట అపాయము. ప్లాస్టిక్ సంచులు వేయుట విషపుపొగను కొనితెచ్చుకొనుట.

పొగగొట్టము గల పొయ్యి మంచిదే. హైదరాబాదు ఇంజనీరు డాక్టరు ఎస్. పి. రాజు పొగలేని వంటయిండ్లను గూర్చి 1953లోనే పుస్తకము ప్రకటించెను. 1980వ దశకములో కేంద్రప్రభుత్వము మెఱుగైన పొయ్యిల పథకమును దేశమంతట నడపి 2002లో నిలిపివేసెను. గొట్టములోని మసి తీయక, పగుళ్లు మెత్తక, పెక్కుచోట్ల ఆ పొయ్యిలు మూలబడెను. మంచి పొయ్యి పెట్టినంతనే చాలదు. దానిని కనిపెట్టుకొని యుండు చేయియు కావలెను.

"గ్యాసు వచ్చినది గదా, ఈ ప్రసంగ మేల?" అని కొంద ఱనవచ్చును. వచ్చినందుకు సంతోషమే. కాని స్నానపు నీళ్లకు, ఎద్దుల ఉలవలకు, పెండ్లివంటలకు పెక్కు ఊళ్లలో నేటికిని కట్టెయే ఆధారము. ఎంత చక్కగా మండించినను కట్టెపొయ్యి గ్యాసుతో సమానము కాదు. చంటిబిడ్డలను దానికి దూరముగా నుంచవలెను. ఇండ్లలోని పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఎరువును, విత్తనమును కలసి తెచ్చుకొను మన సంఘములు, వేసవిలో ఒక కూలిజట్టును కుదిర్చి సభ్యుల మొద్దులన్నిటిని వరుసగా చీల్పించుట కష్టమా? పైరు తడియారినదా లేదా యని దినదినము చూచుకొను రైతు, ఇంటి కట్టె తడియారినదా లేదా యని యేటికొకమారు చూడలేడా? రాబోవు ఫాల్గుణమున గొడ్డలి నూరుడు. శ్రావణమున మీ వంటింటిలో దగ్గు వినబడకుండుటయే దాని ఫలము.